మేత వేసిన లెక్క

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని మన సంఘమువారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మేము పండితులము కాము. 1977లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో ఉత్తీర్ణులమై, గుమాస్తా కొలువున చేరి, ఫైళ్ళ నడుమ వయసు గడపి, 2018లో ఉద్యోగ విరమణ చేసి పాపిరెడ్డిపట్టిలోని స్వగృహమున కాలక్షేపము చేయుచున్నవారము. చదివినది తమిళబడి. తెలుగు అక్షరములు మాత్రము మా తల్లిగారు వంటపని ముగించుకొని పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని దిద్దించినవి. కవులను గూర్చియు, రాజులను గూర్చియు వ్రాయుటకు మనలో సమర్థులు పెక్కుమంది కలరు. మేము వ్రాయగలిగినది వేరొకటి. 2021వ సంవత్సరము మొదలుకొని మా ముందుగదిలో ఒక గాజుతొట్టి నిండ ఉప్పునీరు నిలువయుంచి సముద్రపు చేపలను పెంచుచున్నాము. ఆ పనిలో మేము చేసిన ఒక తప్పిదమును, దానివలన కలిగిన తెలివిని ఇచట విన్నవించెదము. సాంస్కృతిక సంచికలో చేపల ముచ్చట యేల యని చదువరులు నవ్వవచ్చును. కడవరకు చదివిన పిమ్మట నవ్వినచో మాకు అభ్యంతరము లేదు.

మా పాపిరెడ్డిపట్టి ధర్మపురి జిల్లాలో సేర్వరాయన్ కొండల పాదమున నున్న ఊరు. కొండమీద ఏర్కాడు, కొండదిగువ వాణియారు ఆనకట్ట, దాని క్రింద పొలములు. సముద్రము మాకు ఏ దిక్కున చూచినను నూటయాభై కిలోమీటరులకు పైబడిన దూరమున ఉన్నది. మావారికి చేప యనగా సంతలో కొని కూర వండుకొనునది గాని, కుర్చీ వేసికొని కూర్చుండి చూచునది కాదు. ఇక ఊరి పేరులో ఒక రెడ్డిగారు కొలువైయున్నను వీధిలో వినబడు భాష తమిళమే. తెలుగు మా ఇండ్లలో గడప లోపలి భాష. ఈ మాటకు తరువాత మరల వచ్చెదము.

కొండక్రింది గుమాస్తాకు సముద్రముమీద మక్కువ యెట్లు కలిగెనని అడుగవచ్చును. 1989 మొదలు మూడు సంవత్సరములు ఉద్యోగరీత్యా మేము రామనాథపురము జిల్లాలో మండపము ప్రాంతమున ఉంటిమి. అచట సముద్రము చాల దూరము లోతు లేనిది. నీరు తేటపడిన దినములలో మోకాలిలోతున నిలిచి చూచినచో అడుగున రంగురంగుల చేపలు రాళ్ళ సందులలో తిరుగుట కనబడును. ఆ మన్నారు సింధుశాఖలోని ఇరువదియొక్క దీవులను 1986లోనే జాతీయవనముగా ప్రకటించియుండిరి. 1947లో స్థాపింపబడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు 1949 నుండి 1971లో కొచ్చికి మారువరకు ముఖ్యకార్యాలయము మండపముననే ఉండెను. ఇప్పటికిని అచట దాని ప్రాంతీయకేంద్రము కలదు. ఆదివారములందు మేము అచటి గాజుతొట్ల యెదుట నిలిచి గంటలు గడపుచుండెడివారము. ఇది మా వంశమునకు క్రొత్త కాదు. చెన్నపట్టణపు సముద్రతీరమున 1909లో తెరచి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూసివేసిన చేపల ప్రదర్శనశాలను మా తాతగారు చూచి వచ్చి, ఆ ముచ్చటను ఏండ్లతరబడి చెప్పుకొనెడివారని మా తండ్రిగారు అనుచుండిరి.

2020 మార్చిలో మహమ్మారి వలన పనులును బడులును మూతపడినప్పుడు, బెంగుళూరులో నున్న మా కుమారుడు భార్యాబిడ్డలతో ఇంటికి వచ్చెను. మనుమనికి అప్పుడు ఎనిమిదేండ్లు. వానికి ఇంగ్లీషు వచ్చును, కన్నడము వచ్చును, వీధిపిల్లలతో పదిదినములలో తమిళము వచ్చినది. తెలుగు మాత్రము అర్థమగును గాని నోట రాదు. అవ్వ తెలుగున అడిగినచో ఇంగ్లీషున బదులు చెప్పును. వాడు చలనచిత్రములో చూచిన నారింజరంగు చేప కావలెనని పట్టుబట్టగా, మాకును పాత మక్కువ మేల్కొనినది. 2021 జనవరిలో తొట్టి తెప్పించితిమి.

తొట్టి పొడవు నాలుగడుగులు, వెడల్పును ఎత్తును ఒకటిన్నర అడుగు. లెక్క కట్టగా రమారమి రెండువందల యేబది లీటరులు. సముద్రపు నీటిలో వేయి పాళ్ళకు ముప్పదియైదు పాళ్ళు లవణములు ఉండును గనుక, తొట్టికి దాదాపు తొమ్మిది కిలోల ఉప్పు కావలెను. అది వంటయుప్పు కాదు. మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగునవి సముద్రమునందలి పాళ్ళలోనే కలిపి చేసిన ప్రత్యేకపు ఉప్పు. మా జిల్లా బోరుబావి నీటిలో ఫ్లోరైడు అధికమన్నది జగమెరిగిన సంగతి. 2013లో ప్రారంభించిన హొగెనకల్ త్రాగునీటి పథకము పుట్టినదే అందుకొరకు. కావున ఇంటి వడపోత యంత్రపు నీటిలో ఉప్పు కలిపితిమి. ఎండకు తొట్టినీరు దినమునకు రెండు మూడు లీటరులు ఆవిరియై పోవును. నీరు పోవును గాని ఉప్పు పోదు. అందుచేత తగ్గిన మేరకు మంచినీరే పోయవలెను గాని ఉప్పునీరు పోయరాదు. చేపల మలినమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని విరిచి నిరపాయము చేయు సూక్ష్మజీవులు రాళ్ళమీద స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలను విడువరాదు. ఇవన్నియు పుస్తకములు చూచి ఓపికతో చేసితిమి. ఈ విషయములలో మా వలన పొరపాటు జరుగలేదు.

మార్చిలో రెండు క్లౌన్ చేపలను, ఒక చిన్న చారల రాస్ చేపను తెచ్చితిమి. ఈ క్లౌన్ చేపలు సముద్రమున పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. మండపము సంస్థవారును, పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయమువారును ఈ జాతులను తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచు పద్ధతిని సాధించియున్నారు. తొట్టిలో పుట్టిన చేప కళ్ళు తెరచిన కొలది దినములకే మనిషి చేతి మేతకు అలవడును. మేము గుళికలు చల్లినంతనే అవి పైకి వచ్చి తినుచుండెను. ఇది చూచి మేము చేపలకు మేత వేయుట మాకు చేతనైనదనుకొంటిమి.

ఆగస్టు నెలలో చెన్నపట్టణమునకు పోయినప్పుడు ఒక అంగడిలో మాండరిన్ అను చేపను చూచితిమి. అది వ్రేలెడు పొడవు గలది. నీలపు మేనిమీద నారింజరంగు తీగెలు మెలికలు తిరిగి, మన కలంకారీ వస్త్రమును చిన్నదిగా మడిచి నీటిలో వేసినట్లుండెను. చీనాదేశపు కొలువుకాండ్రు ధరించు పట్టు అంగీలను పోలియుండుటచే దానికి ఆ పేరు వచ్చినది. పడమటి పసిఫిక్ సముద్రపు పగడపు దిబ్బలు దాని జన్మభూమి. 1927లో హెర్రె అను శాస్త్రజ్ఞుడు ఫిలిప్పైను దీవుల చేపగా దానిని మొదట వర్ణించెను. తక్కిన చేపలలో నీలవర్ణము వెలుగు తిరిగివచ్చుటచే కలుగు కనికట్టు. ఈ చేప చర్మములో మాత్రము నిజముగా నీలపు రంగుపదార్థము గల కణములు ఉన్నవి. ఇట్టి చేపలు మిక్కిలి అరుదు. దీనికి పొలుసులు లేవు. పొలుసులకు మారుగా చేదైన జిగురు ఒళ్ళంతయు కప్పుకొనియుండును. ఈ విశేషములన్నియు మేము తరువాత తెలిసికొన్నవి. అంగడివానిని మేము అడిగినది ఒక్కటే: ఇది ఏమి తినును? అతడు తమిళమున, ఏది వేసినను తినును, అన్నిటితోపాటు ఇదియును అనెను. మేము నమ్మితిమి. నమ్ముటకు మాకు ఇష్టముగా ఉండెను, అందుచేత నమ్మితిమి.

మేము గుమాస్తాలము గదా! తొట్టి పెట్టిన నాటినుండి ఒక రిజిష్టరు నడుపుచుంటిమి. తేది, వేళ, నీటి వేడిమి, ఉప్పు పాలు, వేసిన మేత, దాని పరిమాణము, కడపట పొట్టి సంతకము. ఉదయము ఎనిమిది గంటలకు గుళికలు చిటికెడు. సాయంకాలము ఆరు గంటలకు గడ్డకట్టించిన రొయ్య, గోరంత ముక్క. ఒక్క పూట తప్పలేదు. ఉద్యోగమున ఉండగా మా లెక్కపుస్తకములలో తనిఖీ అధికారులు ఎన్నడును తప్పు పట్టి యెరుగరు. ఈ రిజిష్టరునందును పట్టజాలరు.

మాండరిన్ చేప పగలెల్ల రాళ్ళమీద కుప్పించి కుప్పించి దుముకుచు, ఆగి చూచి, ముక్కుతో పొడుచుచు తిరుగుచుండెను. మేత తినుచున్నది గాబోలునని మేము తలచితిమి. గుళిక దాని ముఖము ముందుగా జారి అడుగున పడినను అటు చూడదు. తరువాత తినునులెమ్మని ఊరకుంటిమి. ఐదవ వారమున మనుమడు తొట్టి ప్రక్కన మోకరించి చూచి, "తాతా, దాని కడుపు చూడు, లోపలికి పోయింది," అనెను. అంతవరకు మేము పైనుండి మేత చల్లుచుంటిమే కాని, ప్రక్కనుండి చేపను చూడలేదు. కడుపు వీపునకు అంటుకొనియున్నది. మెడ వెనుక ఎముక కనబడుచున్నది. రంగు మాత్రము తగ్గలేదు. ఆ రంగే మమ్ము మోసగించినది. తొందరపడి రెండింతల మేత వేసితిమి, మూడు పూటలు వేసితిమి. నీరు చెడినదే కాని అది ముట్టలేదు. ఏడవ వారమున ఒక ఉదయమున రాయి చాటున పడియుండెను.

కొబ్బరిచెట్టు మొదట గుంట తీసి పూడ్చితిమి. మనుమడు ఏడ్వలేదు. లోపలికి పోయి రిజిష్టరు తెచ్చి, గీతలవెంట వ్రేలు పెట్టి ఒక్కొక్క పుట తిరుగవేసి చూచి, "లెక్క సరిగ్గానే ఉంది తాతా, మరి ఎందుకు చచ్చిపోయింది?" అని అడిగెను. వాడు తెలుగున ఒక వాక్యము పూర్తిగా పలుకుట మేము వినినది ఆ వారములలోనే. దానికి మాయొద్ద సమాధానము లేకపోయెను. కాగితము మీద ఆ చేప కడుపు నిండుగానే ఉండెను.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు మేము సేలములో నున్న ఒక మిత్రుని వద్దకు పోయితిమి. ఆయన బ్యాంకి ఉద్యోగము చేసి విరమించినవారు, ఇరువది సంవత్సరములుగా సముద్రపు చేపలను పెంచుచున్నవారు. ఆయన చెప్పినదియు, మేము చదివినదియు కలిపి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మన యిండ్లలో ఆవు గడ్డి తినును, కుక్క అన్నము తినును అని ఎరుగుదుము గాని చేపలన్నిటిని ఒక్క గాటకట్టి "చేపల మేత" యని పొట్లము కట్టి అమ్ముదుము. సముద్రమున ఒక్కొక్క చేపకు ఒక్కొక్క వంటయిల్లు. సీతాకోకచిలుక చేపలని పేరొందిన వానిలో కొన్ని జాతులు పగడపు పురుగులను తప్ప వేరొకటి ముట్టవు. మూరిష్ ఐడల్ అను అందమైన చేపకు సముద్రపు స్పంజి ముఖ్యాహారము. సర్జన్ చేపలు పగలంతయు నాచు మేయుచుండవలెను. సముద్రపు గుఱ్ఱమునకు పండ్లు లేవు, జీర్ణకోశము లేదు. తిన్నది నిలువయుండదు గనుక మాటిమాటికి ప్రాణముతో కదలు చిన్న రొయ్యలను పీల్చుచుండవలెను. అది 2001 నుండి మన దేశమున చట్టరక్షణ పొందిన ప్రాణి. దానిని పట్టుటయు అమ్ముటయు నేరము.

మాండరిన్ చేపకు ఆహారము కోపీపోడ్లు. ఇవి రొయ్యల వంశమునకు చెందినవి. మిక్కిలి చిన్నవి. రాళ్ళమీదను ఇసుకలోను ప్రాకుచుండును. మాండరిన్ నోరు సూదిబెజ్జమంత చిన్నది. అది ఒక్కొక్క దానినే వెదకి, గురిచూచి, ఏరుకొని తినును. ఉదయము మొదలు చీకటి పడువరకు అదే పని. రెండు పూటల భోజనము దాని దేహమునకు సరిపడదు. కదలని వస్తువు దానికి ఆహారముగా తోచదు. మేము చల్లిన గుళిక దాని కంటికి ఇసుకరేణువు వంటిదే.

మా తొట్టిలో ఆ కోపీపోడ్లు ఏల లేకపోయెను? పగడములను సముద్రమునుండి తెచ్చుట 2001 నుండి మన దేశమున నిషిద్ధము. ఆ నిషేధము న్యాయమైనది. మేము వేసినవి కాల్చి చేసిన ఎండురాళ్ళు. వానియందు ఏ ప్రాణియు లేదు. ఎట్లో చేరిన కొలదిపాటివానిని ఆ చారల రాస్ చేప ముందుగనే తినివైచినది. దానికిని అదియే ఇష్టాహారము. ఇంతకు మాండరిన్ రాళ్ళమీద పొడుచుచు తిరిగినది తినుటకు కాదు, వెదకుటకు. ఏడు వారములు అది మా కన్నులయెదుట ఆహారమును వెదకుచునే ఉండెను. మేము దానిని చూచి ముచ్చటపడుచుంటిమి.

అడుగనిదే అమ్మయినను పెట్టదని సామెత. అడుగలేని ప్రాణిని తెచ్చి పెట్టుకొన్నవాడు అమ్మకంటె ఎక్కువ కనిపెట్టి చూడవలెను గదా!

పిమ్మట మేము మాండరిన్ కొనమని నిశ్చయించుకొంటిమి. ఐనను పని మానలేదు. మిత్రుని వద్దనుండి ఒక సీసాడు కోపీపోడ్లు తెచ్చి, రెండు లీటరుల సీసాలు నాలుగింట వేసి, పచ్చని సూక్ష్మశైవలములు పెంచిన నీటిని మేతగా పోయుచు వృద్ధి చేసితిమి. నాలుగును ఒక్కసారి చెడకుండుటకై వానిని వేర్వేరు కిటికీలయందు ఉంచితిమి. వారమునకు ఒక సీసానుండి సగము తొట్టిలో పోయుదుము. చేపలు దూరలేనట్లు చిన్నరాళ్ళ కుప్ప ఒకటి తొట్టి మూలను పేర్చితిమి. కోపీపోడ్లు దాగి సంతానము పెంచుకొనుటకు అది ఆశ్రయమైనది. రాస్ చేపను మిత్రుని పెద్దతొట్టికి పంపితిమి. ఏడాది గడచుసరికి రాత్రివేళ బ్యాటరీదీపము వేసి చూడగా రాళ్ళమీద తెల్లని నలుసులు వేలకొలది ప్రాకుచుండెను.

మా ఇంటిదానికి ఈ సీసాలు మొదట గిట్టలేదు. "ఇంట్లో ఊరగాయ జాడీలకు చోటు లేదు, పురుగుల సీసాలకు చోటా?" అని కసరినది. ఇప్పుడు పచ్చనీరు తగ్గిన సంగతి మాకంటె ముందుగా ఆమెకే తెలియును.

2023 జనవరిలో మిత్రుడు ఫోను చేసెను. సేలములో ఎవరో తొట్టి తీసివేయుచున్నారు, అందొక మాండరిన్ ఉన్నది, బక్కచిక్కియున్నది, ఎవరును తీసికొనుట లేదని. సముద్రమునుండి మరియొక చేపను తెప్పించుట వేరు, ఇదివరకే గాజునడుమ చిక్కి ఆకలితోనున్న దానిని చేరదీయుట వేరు. మేము తెచ్చితిమి.

ఈసారి ముందుగా తొట్టిలో విడువలేదు. చిల్లులుగల చిన్నపెట్టె ఒకటి తొట్టిలోనే వ్రేలాడదీసి అందుంచి, ఆర్టీమియా పిల్లలను ప్రాణముతో మేపితిమి. ఈ ఆర్టీమియా ఉప్పుచెరువులలో పెరుగు చిన్న రొయ్య. దీని గ్రుడ్లు ఎండి పొడివలె ఉండి ఏండ్లతరబడి చెడవు. అమెరికాలోని ఉటా రాష్ట్రపు పెద్ద ఉప్పుచెరువునుండి డబ్బాలలో లోకమంతటికి పోవును. మన నెల్లూరు, విశాఖ తీరములయందు రొయ్యపిల్లలను పెంచు హేచరీలలోను వీనినే మేపుదురు. లీటరు నీటిలో ఇరువదియైదు గ్రాముల ఉప్పు వేసి, చెంచాలో పావువంతు గ్రుడ్లు చల్లి, క్రిందినుండి గాలి ఊదించి, దీపము పెట్టినచో ఒక దినమునకు నారింజరంగు నలుసులు పొదుగును. గాలి ఆపి సీసా ప్రక్కన దీపము పెట్టగానే పిల్లలు వెలుగువైపు మూగును, పెంకులు పైకి తేలును. పెంకులు కలియకుండ పిల్లలనే సన్నని గొట్టముతో పీల్చి తీయవలెను, ఏలయన పెంకులు చిన్నచేపల ప్రేగులకు అడ్డుపడును. పొదిగిన పిల్ల తన కడుపులోని పచ్చసొన కరగకముందే చేప నోట పడవలెను. ప్రొద్దుపోయిన పిల్లలో కదలిక ఉండును గాని సారము ఉండదు.

మూడు వారములు ఇట్లు దినమునకు ఐదారు మారులు మేపగా పొట్ట కొంత నిండినది. అప్పుడు ప్రాణముగల పిల్లలతోపాటు గడ్డకట్టించిన మైసిస్ రొయ్యను మిక్కిలి సన్నగా తరిగి ఒక వంతు కలిపితిమి. మొదట నోట పట్టి ఉమిసివేసెను. దినదినము ఆ వంతు కొంచెము పెంచితిమి. నెల దాటిన పిమ్మట ఒకనాడు కదలని ముక్కను తానై పట్టి మ్రింగెను. ఆ దినము మేము రిజిష్టరులో ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి. ఇప్పుడది పెద్దతొట్టిలో కోపీపోడ్లను ఏరుకొనుచు, పూటకొకసారి సీసామూతిలో పెట్టిన మైసిస్ తినుచు రెండు సంవత్సరములకు పైబడి మాయొద్ద ఉన్నది. ప్రక్కనుండి చూచినచో పొట్ట గుండ్రముగా కనబడును. అందరు మాండరిన్లు ఇట్లు అలవడునని మేము చెప్పలేము. అలవడనివే ఎక్కువ. కావున చదువరులలో ఎవరికైన సముద్రపు చేపలను పెంచు కోరిక యున్నచో హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలతో ప్రారంభింపుడు. కొనుటకు ముందు అది తినుచుండగా మీ కన్నులతో చూడుడు. తినుట చూపలేనివాని అంగడిలో కొనకుడు. రంగు చూచి కొనకుడు.

ఈ పనిలో మాకు తరచు జ్ఞప్తికి వచ్చునది భాగవతములోని మత్స్యావతార కథ. సత్యవ్రతుడు ద్రవిడదేశపు రాజు. కృతమాల యను నదిలో తర్పణము విడుచుచుండగా దోసిటిలోనికి ఒక చిన్నచేప వచ్చి, పెద్దచేపల భయమునుండి కాపాడుమని అడిగెను. రాజు దానిని కమండలములో ఉంచెను. రాత్రికి రాత్రి కమండలము చాలలేదు. పిమ్మట కుండ, దాని పిమ్మట చెరువు, తుదకు సముద్రము. చిన్ననాడు ఈ కథ వినినప్పుడు చేప పెరుగుటయే మాకు వింత. ఇప్పుడు రాజు ప్రవర్తనయే వింతగా తోచుచున్నది. ప్రతిపర్యాయమును ఆయన చేప చెప్పిన మాట వినెను, చోటు మార్చెను. కమండలము బంగారముతో చేసినదని అందులోనే ఉండుమనలేదు. చేప చరిత్రలో ఇంటిపాత్రలో చేపను సాకిన మొదటివాడు మనమున్న ఈ ద్రవిడసీమ రాజేయని తలచినప్పుడు కొంచెము గర్వమును, మా మొదటి చేపను తలచినప్పుడు అంతకు మించిన సిగ్గును కలుగుచుండును.

ఇక మొదట చెప్పిన గడపలోపలి భాష సంగతి. మనుమడు మాయింట ఉన్న దినములలో వానికి తెలుగు నేర్పవలెనని మేము సంకల్పించి, దినమునకు ఒక పుట చొప్పున బాలశిక్ష చెప్పుచుంటిమి. దానికిని ఒక నోటుపుస్తకము, తేది, పుటసంఖ్య, పొట్టి సంతకము. నలువది పుటలు చెప్పితిమని లెక్క ఉన్నది. వాడు నోరు తెరచి నాలుగు మాటలు పలుకలేదు. చేప చనిపోయిన రాత్రి ఆ రెండు పుస్తకములును బల్లమీద ఒకదాని ప్రక్కన ఒకటి ఉండుట చూచి మాకు నిదుర పట్టలేదు. రెండింటను వ్రాసినవాడు ఒక్కడే, వ్రాసిన తీరును ఒక్కటే.

మరునాటినుండి బాలశిక్ష మూసివైచితిమి. తొట్టిపని వానికి అప్పగించితిమి. "గాలి ఆపు. దీపం ఇటు జరుపు. పెంకులు తేలాయా? మెల్లగా పీల్చు, మెల్లగా!" ఈ మాటలే మా పాఠములు. అవ్వ వంటయింటినుండి కేకవేసి పొడుపుకథ విడువును, వాడు సీసా పట్టుకొనియే విప్పవలెను. మాట చిన్నది, ప్రాణముతో కదలుచున్నది, వానికి ఆ క్షణమున కావలసినది. అట్టి మాటలను వాడు ఒక్కొక్కటిగా ఏరుకొనెను. 2022లో బడి తెరచిన పిమ్మట బెంగుళూరు వెళ్ళునాటికి ఇంట తెలుగుననే మాటలాడుచుండెను. వాడు పండితుడు కాలేదు. ఇప్పటికిని ఒత్తులు వ్రాయుటలో తడబడును, చదువుట మెల్లన. కాని సెలవులకు వచ్చినప్పుడు బాలశిక్ష తానై అడిగి తీసి చదువుచున్నాడు. గుళిక తినుటకు అలవడు కాలము వచ్చినదని మేము లోలోపల సంతసించితిమి.

మన సంఘములో ప్రతి సంవత్సరము ఉగాదికి పద్యములు చదివించుచున్నాము, పుస్తకములు పంచుచున్నాము, బహుమతులు ఇచ్చుచున్నాము. ఇవి మంచి పనులే, మానవలెనని మా యభిప్రాయము కాదు. ఎన్ని పుస్తకములు పంచితిమో లెక్క మనయొద్ద ఉన్నది. పిల్లలు ఎన్ని మాటలు నోట పట్టిరో మాత్రము ప్రక్కన మోకరించి చూడవలెను. పైనుండి చల్లినవానికి అది కనబడదు. రంగు బాగుగనే యుండును, కడుపు మాత్రము లోపలికి పోవుచుండును.

మా రిజిష్టరు ఇప్పటికిని నడచుచున్నది. మేత వేసిన గడి ప్రక్కన మరియొక గడి గీచితిమి. దానియందు "తినెను" అని గాని "తినలేదు" అని గాని వ్రాయవలెను. చూచినగాని వ్రాయరాదు. ఆదివారము సాయంకాలము బెంగుళూరునుండి ఫోను వచ్చును. కుశలప్రశ్నలకు ముందుగనే మనుమడు అడుగు ప్రశ్న, "తాతా, తిన్నదా?" అనునదే. మేము ఫోను పట్టుకొని తొట్టి ప్రక్కకు పోయి, చూచి, పిమ్మట బదులు చెప్పుదుము.

మన కుటుంబములయందు చేపలున్నను లేకున్నను పిల్లలు కలరు. వారందరు ఆయురారోగ్యములతో, నిండిన కడుపుతో, నోరార తెలుగుతో వర్ధిల్లవలెనని ఆకాంక్షించుచు ఇంతటితో విరమించుచున్నాము.